పత్తర్‌గట్టి ఆపణవీథి

ఆంధ్రదేశ వాస్తుచరిత్రమును బరిశోధించిన విద్వాంసులు స్తూపములను, దేవాలయములను, దుర్గములను గూర్చి యెన్నియో గ్రంథములు రచించిరి. అంగడిని గూర్చి వ్రాసినవా రరుదు. దేవునికిఁ గట్టిన మండపము శాస్త్రవిషయ మయ్యెను. రాజునకుఁ గట్టిన కోట చరిత్రవిషయ మయ్యెను. సామాన్యజనులు ప్రతిదినము నడుగిడు విపణిమాత్ర మెవ్వరి దృష్టికిని రాక నిలిచినది. దీనికిఁ గారణము లేకపోలేదు. గుడి శాశ్వతముగా నుండవలె నను నిచ్ఛతో ఱాతఁ గట్టఁబడును. అంగడి తాటాకులతోను, బందిరిగుంజలతోను గట్టఁబడి, వర్తకము మాఱినపుడు తానును మాఱును. కావునఁ బ్రాచీనాపణములు శబ్దములయందును శాసనములయందును మిగిలినవి గాని నేలపైఁ బెక్కు మిగులలేదు.

ఱాతఁ గట్టఁబడి, బాటసారికి నీడ నిచ్చుచు, నేఁటికిని గ్రయవిక్రయములు సాగుచున్న యాపణవీథి తెలుఁగునేలపై నొకటి గలదు. అది హైదరాబాదునందలి పత్తర్‌గట్టి. చార్‌కమాను మొదలుకొని యుత్తరముగా మదీనా కూడలివఱకు, బాట కిరువైపులను, తోరణముల వరుసతోఁ గూడిన యంగడులసముదాయ మది. కృష్ణామండలవాసులకు దీనితో సంబంధ మేమని యెవరేని శంకింపవచ్చును. మూసీనది కృష్ణకు నుపనది. ఆ నదీతీరమున వెలసిన యీ యంగడివీథి బందరు రేవునకుఁ బోవు ప్రాచీనవణిక్పథమునకు మొదలు. గోలకొండసీమకును గృష్ణాముఖద్వారమునకును నడుమ నున్న యీ బాటపై బెజవాడ మజిలీ. బాట యొకకొనను దెలియక రెండవకొనను దెలిసికొనుట సాధ్యము గాదు.

ఈ విషయమున మూఁ డంశములు విచార్యములు. ఆపణశబ్దములు దేనిఁ దెలుపుచున్న వనునది మొదటిది. పత్తర్‌గట్టి యెపు డేల కట్టఁబడె ననునది రెండవది. అంగడికిని బాటకును నడుమ నున్న వసారా యెవ్వరి దనునది మూఁడవది. కడపటిది చిన్నప్రశ్న వలెఁ దోఁచును గాని, యాపణవీథి బ్రతుకుట చచ్చుట దానిపైననే యాధారపడి యున్నది.

౧. శబ్దవిచారము

సంస్కృతమున నంగడికి ఆపణము, నిషద్య, విపణి, పణ్యవీథిక మున్నగు పేరులు గలవు. వీనిలో ఆపణశబ్దము ముఖ్యము. పణధాతువునకు వ్యవహారము, స్తుతి యను రెండర్థములను ధాతుపాఠము చెప్పుచున్నది. అమ్మువాఁడు తన సరకును బొగడకుండ వ్యవహారము సాగదు గావున నీ రెండర్థము లొకధాతువునందు నిలుచుట లోకానుభవమునకు విరుద్ధము గాదు. పాణిని యష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము మూఁడవ పాదమున 119వ సూత్రమున ఆపణ నిగమ శబ్దములను రెంటిని నొక్కచోట నిపాతించెను. హలంతధాతువులకు ముందుసూత్రమున రాఁబోవు ఘఞ్ ప్రత్యయము ప్రాప్తించినచో వృద్ధి కలిగి యనిష్టరూపము లేర్పడును. దానిని వారించి, ఘప్రత్యయముతో నీ శబ్దములు సాధింపఁబడినవి. అర్థమునుబట్టి చూడ, జనులు వచ్చి యెందు వ్యవహరింతురో యది ఆపణము. ఎందుఁ జేరుదురో యది నిగమము. రెండును అధికరణార్థమునఁ బుట్టినవే.

ఇందు గమనింపఁదగిన విశేష మొకటి గలదు. ఆపణశబ్దము అమ్మువానినిబట్టి పుట్టినది కాదు, సరకునుబట్టియుఁ బుట్టలేదు. జనులు వచ్చి కూడు తావునుబట్టి పుట్టినది. రాకపోకలు లేనిచో సరకెంత యున్నను నది కొట్టు కావచ్చును గాని యాపణము గాదు.

తెలుఁగున ‘అంగడి’ యనునది ద్రావిడభాషలకు సామాన్యమగు మాట. కన్నడమున అంగడి, తమిళ మలయాళములందు అంగాడి. కావిరిపట్టణమునఁ బగటియంగడియు రాత్రియంగడియు వేఱ్వేఱుగ నుండె నని శిలప్పదికారమువలనఁ దెలియుచున్నది. ‘సంత’ వారమున కొకసారి కూడునది. ‘పేట’ నిలుకడగల వర్తకస్థానము. ‘బజారు’ పారసీకమునుండి వచ్చి యిపుడు పల్లెటూళ్లయందును నాటుకొన్న మాట. పత్తర్‌గట్టిని జూచువానికి మొదట వినఁబడు ‘కమాను’ శబ్దమును బారసీకమే. దానికి ముఖ్యార్థము విల్లు. వంచిన వింటివలె నుండుటచేఁ దోరణద్వారమున కా పేరు గలిగినది.

ఇఁక ‘పత్తర్‌గట్టి’ యను పేరు. పూర్వభాగము హిందీభాషయందలి ‘పత్థర్’. అది సంస్కృత ‘ప్రస్తర’ శబ్దమునుండి ప్రాకృతమున ‘పత్థర’ మై పుట్టినది. ఉత్తరభాగమును వినిన తెలుఁగువానికి గట్టు, గట్టి యనుమాటలు తోఁచుట సహజమే. ధ్వనిసామ్యము మాత్రమే వ్యుత్పత్తికిఁ బ్రమాణము గాదు గనుక దానిపై సిద్ధాంతము కట్టరాదు. ఱాతికట్టడ మను సముదాయార్థమున మాత్రము వివాదము లేదు. ఆ కట్టడమే కన్నులయెదుట సాక్ష్యము.

౨. ప్రాచీనాపణములు

కృష్ణాతీరమున వణిక్సంఘము లతిప్రాచీనములు. భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వించినపుడు దొరకిన ధాతుమంజూషలపై లేఖనములు గలవు. వానిని జార్జి బ్యూలరు 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమునఁ బ్రకటించెను. వానియందు ‘నేగమ’ యని నిగమసభ్యుల పేరుల పట్టికయు, ‘గోఠి’ యని గోష్ఠీప్రసక్తియుఁ గాననగును. ఆ లేఖనములు క్రీస్తునకుఁ బూర్వము మూఁడు రెండు శతాబ్దులనాఁటి వని విద్వాంసుల యభిప్రాయము. ఆపణశబ్దముతోఁ గూడ నేకసూత్రమునఁ బాణిని సాధించిన నిగమశబ్దమునకు సంబంధించిన రూపము, ఈ డెల్టా నేలలోనుండి, పేరులతో సహా వెలువడుట పండితులకు హర్షదాయకము.

గంటసాల ప్రాచీననామము కంటకసేల. టాలెమీ భూగోళగ్రంథమున దీనిని వర్తకస్థానముగాఁ బేర్కొనెను. నాగార్జునకొండయందలి బోధిసిరి శాసనమున నిచ్చటి మహాచైత్యము ప్రస్తావింపఁబడినది. పెరిప్లసు గ్రంథము మసాలియా తీరమున సన్ననివస్త్రములు తయారగుచుండె నని చెప్పుచున్నది. పదునొకండవ శతాబ్దికిఁ జెందిన టేకి తామ్రశాసనమువలన విజయవాటమునకు సంబంధించిన తెలికివారి గౌరవములు తెలియుచున్నవి. కాకతి గణపతిదేవుఁడు 1244–45 ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన యభయశాసనము, ఓడ చెడి తీరమునఁ జేరిన వర్తకుల సొత్తును రాజులు హరింపరాదని శాసించినది.

ఇట్లు సంఘములు గలవు, సుంకములు గలవు, రాజాభయము గలదు. అంగడికట్టడము మాత్రము లేదు. ఈ లోపమును బూరించునవి విజయనగరపు మండపశ్రేణులు. హంపీలో విరూపాక్షాలయమునకు ముందు ముప్పాతిక కిలోమీటరు పొడవున వీథి కిరువైపుల ఱాతిస్తంభముల మండపములు వరుసగా నున్నవి. కొన్నిచోట్ల నవి రెండంతస్తులవి. విఠ్ఠలాలయము, కృష్ణాలయము, అచ్యుతరాయాలయము ముందఱను నిట్టి వీథులు గలవు. 1443లో వచ్చిన పారసీకరాయబారి అబ్దుల్ రజాకు విజయనగరవిపణులు మిక్కిలి వెడల్పును బొడవును గలవనియు, వాని మొదటఁ దోరణశాలలు నెత్తైన మేడలు నుండె ననియు వర్ణించెను. కావున ఱాతిస్తంభములు గల నీడయంగడివరుస యీ దేశమునకుఁ బరకీయు లిచ్చినదను మాట నిలువదు. కమాను పారసీకమార్గమున వచ్చినది. కంబపు వరుస యంతకుఁ బూర్వమే యిచ్చట నున్నది.

౩. భాగ్యనగరము – బందరుబాట

మహమ్మదు కులీ కుతుబుషా 1591లో చార్మినారును గట్టించి, దానిని నడిబొడ్డుగాఁ జేసికొని క్రొత్తనగరమును నిర్మించెను. చార్మినారునకు నుత్తరమున గుల్జారుహౌజు చుట్టును నాలుగుదిక్కుల నాలుగు కమానులు లేచినవి. ఉత్తరమున మచిలీకమాను, తూర్పున కాలీకమాను, దక్షిణమునఁ జార్మినారుకమాను, పడమట షేరెబాతిల్ కమాను. నాలుగు రాజవీథులు నాలుగు దిక్కులకుఁ జీలు నీ యమరిక యాపణములకొఱకే యుద్దేశింపఁబడె నని చెప్పవచ్చును. ఆ నగరనిర్మాణమున 14,000 అంగడు లుండె నను ప్రసిద్ధి చరిత్రకారులలోఁ గలదు. ఆ సంఖ్య కొంత గౌరవార్థమైనను, నగరకల్పనలో నంగడికిఁ గల ప్రాధాన్యమును సూచించుటకుఁ జాలును.

ఈ వీథులకు సరకుఁ జేర్చినవానిలో బందరుబాట ప్రధానము. గోలకొండరాజ్యమునకు సముద్రద్వారము మచిలీపట్టణము. 1611లో నాంగ్లేయు లచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. వారికి ముందే డచ్చివారు వచ్చి యుండిరి. కలంకారీ యద్దకపుబట్టలు పారసీకమునకుఁ బోయెను. గుఱ్ఱములు, పట్టు, సుగంధద్రవ్యములు లోపలికి వచ్చెను. వజ్రములకై గోలకొండసీమను బలుమారు దర్శించిన తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుఁడు 1652లో బందరునుండి గండికోటకుఁ బోవుచు బెజవాడ దేవాలయమును జూచి వర్ణించెను. 1687లో ఔరంగజేబు గోలకొండను బట్టుకొనుటతో రాజధానీవైభవము తగ్గెను గాని, వీథులు వీథులుగానే నిలిచినవి.

ఈ బాట రెండుకొనలను రెండు జలప్రళయములు తాఁకినవి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుకెరటము బందరును ముంచెను; సుమారు 30,000 మంది మడిసి రందురు. అప్పటికే తగ్గుచున్న రేవువర్తకము దానితో మఱింత కృశించెను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెను. మృతులు సుమారు 15,000 మంది యని ప్రసిద్ధి. రేవు మరల మునుపటివలె లేవలేదు. నగరము ఱాతితో లేచినది.

౪. పత్తర్‌గట్టి నిర్మాణము

చార్మినారునకు దాపున నుండుటచేతను, ఱాతికమానులు గలిగి యుండుటచేతను, పత్తర్‌గట్టిని గుతుబుషాహీకాలమునాఁటి కట్టడముగాఁ బెక్కురు తలంచుచున్నారు. ఇది సరి గాదు. చార్‌కమానులు పదునాఱవశతాబ్దిచివర కట్టడములు. వానినుండి బయలుదేఱు పత్తర్‌గట్టి ఇరువదవశతాబ్దిది. రెండును నాన్చికొని యుండుటచే నొకటి వయస్సు రెండవదాని కంటఁగట్టఁబడినది.

చరిత్రక్రమ మిట్లున్నది. వఱదల తరువాత 1909లో నిజామురాజ్యము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను సలహాదారుగా రప్పించినది. నదికిఁ బైభాగమున జలాశయములు కట్టుటయు, నగరమున మురుగునీటికాలువ లేర్పఱచుటయు నాయన సూచనలలో ముఖ్యములు. వాని ఫలముగా నుస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను బూర్తియైనవి. 1911లో మహబూబ్ అలీఖాను మరణింపఁగా ఉస్మాన్ అలీఖాను రాజ్యమునకు వచ్చెను. 1912లో నగరాభివృద్ధిమండలి యేర్పడెను. ఇఱుకువాడలను దొలఁగించుట, బాటలను వెడల్పు చేయుట, నివాసయోగ్యములైన యిండ్లు కట్టుట దాని పనులు. ఆ పనులలో నొకటి పత్తర్‌గట్టి.

కావున నిది రాజవైభవమునకై పుట్టిన కట్టడము గాదు. వఱదయు నిఱుకును నేర్పిన పాఠమునుండి పుట్టినది. బాటను వెడల్పు చేయవలె నన్న నంగళ్లు వెనుకకుఁ బోవలెను. వెనుకకుఁ బోయిన యంగళ్ల నొక్కతీరునఁ గట్టినఁగాని వీథికి రూప మేర్పడదు. వీథికి రూప మేర్పఱచి, బేరగాని నెండవానలనుండి కాపాడు నుపాయముగా ముందరిభాగమునఁ దోరణములవసారా యమర్చిరి.

కట్టడమునకు సాధన మా ప్రాంతమున సమృద్ధిగా దొరకు గ్రానైటుశిల. చెక్కిన ఱాళ్లను వరుసలు తీర్చి పేర్చిరి. కట్టడము రెండంతస్తులది. క్రిందియంతస్తున నంగళ్లు వెనుకగాను, వానిముందు నడవదగిన వసారా, వసారాకు బాటవైపునఁ గంబములపై నిలిచిన కమానులవరుస గలవు. పైయంతస్తు వసారాపైకి వచ్చి బాటవైపు గవాక్షములతోఁ దెఱచుకొన్నది. క్రింద వర్తకము, పైన నివాసమో కార్యాలయమో యుండుట కిది యనుకూలము. పైయంతస్తు వసారాకుఁ గప్పు; వసారా పైయంతస్తునకు నాధారము. ఒకదానిని దీసినచో రెండవది నిలువదు. ఇదియే యీ నిర్మాణమునందలి యుపాయము.

కమానుల యాకారము మొనదేలినది. కుతుబుషాహీ కమానుల ననుసరించి యిట్లు కట్టిరి. అందుచే దక్షిణపుఁగొననున్న మచిలీకమాను క్రొత్తవరుసకుఁ దలమానికమువలె నొదిగి, మూఁడుశతాబ్దుల యంతరము కంటికిఁ గానరాకపోయినది. పైని జెప్పిన భ్రాంతికిఁ గారణ మిదియే. శిల్పుల నేర్పే చరిత్రకారుని పొరపాటున కెడమిచ్చినది.

నేఁ డీ వీథియందు ముత్యములు, పట్టుచీరలు, పెండ్లిబట్టలు, అత్తరులు విక్రయింపఁబడును. ముత్యములకు సముద్రము దూరమైనను నగరము పేరుగన్నది. ఏలయన ముత్యము తీరమున విలువ కట్టఁబడదు, అంగడిలోఁ గట్టఁబడును.

౫. ఆపణభేదములు

లోకమునఁ గప్పుగల యాపణములు మూఁడువిధములు. బాటయంతయుఁ గప్పఁబడినది పూర్ణచ్ఛన్నము. బాట తెఱచియుండి, యిరుప్రక్కల నడకదారిమాత్రము కప్పఁబడినది పార్శ్వచ్ఛన్నము. నడుమ ప్రాంగణముంచి చుట్టు నంగళ్లు దీర్చినది ప్రాంగణాపణము.

పూర్ణచ్ఛన్నమునకు ఇస్తాంబులు మహాబజారు ప్రసిద్ధోదాహరణము. 1453లో నా నగరమును జయించిన సుల్తాను మెహమ్మదు కాలమున నది యారంభ మయ్యెను. ఇసుఫహాను బజారును నీ కోవలోనిదే. ఐరోపాఖండమున 1819లో లండనునందలి బర్లింగ్టను ఆర్కేడు, 1865–1877 నడుమఁ గట్టిన మిలాను విక్టర్ ఇమ్మాన్యుయేలు గ్యాలరీ పేర్కొనఁదగినవి. మిలానులో నినుపదూలములమీఁద గాజుకప్పు వేసిరి. చలిదేశములకుఁ గాజు మేలు. వెలుతురు లోనికి వచ్చును, చలి రాదు. తెలుఁగుదేశమున గాజుకప్పు వేసిన వీథి గ్రీష్మమున నావమగును. ఇచ్చట వలసినవి రెండు: తలపై నీడ, ప్రక్కనుండి గాలి. ఈ రెంటిని బార్శ్వచ్ఛన్నమే యొసఁగును. హంపీమండపములును బత్తర్‌గట్టియు వేఱ్వేఱు రాజ్యములవైనను నొక్కజాతిలోఁ జేరుటకు హేతువు వాతావరణమే.

ప్రాంగణాపణమునకు దగ్గఱి యుదాహరణము హైదరాబాదునందే గలదు. 1935లో వెలసిన మొజంజాహీమార్కెట్టు నిజాము రెండవకుమారుఁడగు మొజంజా పేరిటిది. అతఁడే నగరాభివృద్ధిమండలి కధ్యక్షుఁడు. కూడలిమూలను గడియారపుబురుజు నిలిపి, దానినుండి ఱెక్కలవలె రెండువైపుల నంగళ్లవరుసలు సాగించి, నడుమఁ బ్రాంగణము విడిచిరి. ఇదియు గ్రానైటుకట్టడమే. పండ్లవర్తకము తరువాత నగరపుశివారున కెత్తివేయఁబడెను. జీర్ణించిన యీ కట్టడమును 2018లో నుద్ధరింప నారంభించి, 2020 ఆగస్టున మరలఁ దెఱచిరి.

విజయవాడ చరిత్రము వేఱు. 1852–1855 నడుమఁ గెప్టెను ఆర్ పర్యవేక్షణమున నానకట్ట లేచి, కాలువలు పాఱి, పడవలపై ధాన్యము వచ్చిచేరెను. 1888లో పురపాలకసంఘ మేర్పడెను. 1889లో నిజాముగ్యారంటీరైలు హైదరాబాదునుండి బెజవాడ చేరెను. 1893లోఁ గృష్ణపై రైలువంతెన పూర్తియయ్యెను. ఎద్దుబండ్లు నడిచిన ప్రాచీనవణిక్పథము పట్టాలమీఁది కెక్కెను. బెజవాడ టోకువర్తకమునకుఁ బట్టుకొమ్మ యయ్యెను. టోకువర్తకమునకు వలసినది సరకు దింపుకొను తావు. బేరగాఁడు తీరికగా నడచు వసారా దాని కంతగా నక్కఱ లేదు. వన్‌టౌనునందలి కాళేశ్వరరావుమార్కెట్టు, దానిచేరువనున్న వస్త్రలత యను బట్టలమార్కెట్టు నీ టోకుపద్ధతిలోఁ బెరిగినవే. మొదటిది స్వాతంత్ర్యయోధుఁడును, 1956లో నాంధ్రప్రదేశశాసనసభకుఁ బ్రథమసభాపతియు నైన అయ్యదేవర కాళేశ్వరరావు పేరిటిది. రెండవదాని పేరు సంస్కృతసమాసము. కావ్యములందు లతకు వస్త్రమువలెఁ బల్లవములు చెప్పుదురు. ఇచ్చట వస్త్రములే పల్లవములు.

౬. వసారా యెవ్వరిది?

ఇంతవఱకుఁ జెప్పినది చరిత్రము. ఇఁక విచారింపవలసినది నేఁటి స్థితి. తోరణములవసారా గల యాపణవీథులకెల్ల నొక్కటే రోగము. అంగడివాఁడు మొదట గడపముందు బల్ల వేయును; పిమ్మట బల్లపై సరకు పెట్టును; పిమ్మటఁ గంబమునకుఁ బలక తగిలించును; తుదకుఁ దోరణమునకుఁ దలుపు పెట్టును. వసారా యంగడిలోఁ గలియును. నడచువాఁడు బాటలోనికి దిగును. బండ్లును మనుష్యులు నొక్కచోటఁ గలిసి, వీథి వెడల్పైనను నిఱుకగును. ఏ యిఱుకును దొలఁగించుటకు వఱదల తరువాత నంత ప్రయత్నము జరిగెనో, యా యిఱుకే మరలి వచ్చును.

అంగడివానిపక్షమున నొకవాదము గలదు. వసారా తన కప్పుక్రింద నున్నది, తన గోడ నంటి యున్నది, కావునఁ దనదే యనును. దీనికి శాస్త్రసమ్మతియుఁ జూపవచ్చును. వాకిటిముందరి తిన్నెకు ప్రఘణము, ప్రఘాణము, అలిందము అని నిఘంటువునఁ బేరులు. పాణిని 3వ యధ్యాయము 3వ పాదము 79వ సూత్రమున ప్రఘణ ప్రఘాణ శబ్దములను, ఇంటిలో నొకభాగ మను నర్థముననే నిపాతించెను. ఇంటిలో నొకభాగమైనచో నది యింటివానిదే కదా యని పూర్వపక్షము.

దీనికి సమాధానము రెండువిధములు. లోకవ్యవహారమునుబట్టి మొదటిది. ఇటలీదేశమునందలి బొలోఞా నగరమున నిండ్లముందు వసారాలు కోసులకొలఁది సాగియున్నవి; 2021లో నవి ప్రపంచవారసత్వసంపదలోఁ జేర్పఁబడినవి. 1288లో నా నగరము ఇల్లు కట్టువాఁడు ముందు వసారా కట్టితీరవలె నని శాసించెను. కట్టుటయు, బాగుచేయుటయు నింటివాని భారము. నడచుట యెల్లవారి హక్కు. స్వామ్య మొకరిది, భోగ మందఱిది. ఈ భేదమును గుర్తించుటచేతనే యా వసారాలు ఏడుశతాబ్దులు నిలిచినవి.

రెండవసమాధానము శబ్దమునందే కలదు. పాణిని చెప్పినది యర్థము. వ్యుత్పత్తిని వ్యాఖ్యాతలు చెప్పిరి. ప్రపూర్వకమగు హన్ ధాతువునుండి యీ శబ్దము పుట్టినది. వాకిట లోపలియలిందము, వెలుపలియలిందము అని రెండుండఁగా, వెలుపలిదానికే యీ పేరు. లోనికి వచ్చుజనుల పాదములచేత మిక్కిలి తాడింపఁబడునది గనుక నది ప్రఘణము. అనఁగా నది యింటిలోని భాగమగుట నిజమే. ప్రఘణ మను పేరు మాత్రము దానికి వచ్చువారి యడుగులవలననే కలిగినది. అడుగు పెట్టుటకుఁ దావు లేని వసారా యింటిలో భాగము కావచ్చును. ప్రఘణము మాత్రము గాఁజాలదు. ఆపణశబ్దమును బూర్వము విచారించినపుడును నీ యర్థమే తేలినది. రెండుశబ్దములును వచ్చువానినే ప్రమాణముగాఁ గైకొన్నవి.

దీనినిబట్టి యంగడివానిని వెడలఁగొట్టుటయే మందని భావింపరాదు. హంపీ విరూపాక్షవీథి మండపములలోఁ దరములుగాఁ గాపుర ముండి వర్తకము చేసికొనుచున్న కుటుంబములను 2011లోఁ దొలఁగించిరి. పురాతనశిల్పరక్షణము దృష్ట్యా దానికిఁ గారణములు చెప్పఁబడినవి. ఱాళ్లు శుభ్రపడినవి, వీథి నిశ్శబ్ద మయినది. అచ్చటి మండపములు నేఁడు చూడఁదగినవి గాని, వాని నాపణము లనుటకు వ్యుత్పత్తి యంగీకరింపదు; వ్యవహారము లేదు గనుక. తోరణము మూసినచోఁ బ్రఘణము పోవును. అంగడి యెత్తివేసినచో నాపణము పోవును. రెండు నష్టములును సమానములే.

కావున రక్షింపవలసినది ఱాయి మాత్రమే కాదు, అంగడి మాత్రమే కాదు. ఆ రెంటినడుమ నున్న నాలుగడుగుల నీడ. మొజంజాహీమార్కెట్టును వర్తకులతోఁ గూడ నిలిపి యుద్ధరించుట యిట్టిపని సాధ్య మనుటకు నిదర్శనము. పత్తర్‌గట్టివసారా నిరాటంకముగా నుండునట్లు పురపాలకులు కట్టుబాటు చేయవలెను. వర్తకులు దానిని బాటించుట తమ బేరమునకే మేలని గ్రహింపవలెను. నీడ నాశ్రయించి నిలిచినవాఁడే కొనువాఁడగును.

కృష్ణాడెల్టాయందును గ్రొత్త విపణులు కట్టఁబడుచున్నవి. అంతస్తులు పెరుగుచున్నవి, వసారాలు తగ్గుచున్నవి. వైశాఖపుటెండలో బెజవాడవీథులలో నడచువాఁడు నీడకై యంగడివాని దయపై నాధారపడవలసి వచ్చుచున్నది. భట్టిప్రోలు మంజూషపై నిగమసభ్యులు తమ పేరులు చెక్కించుకొన్నది ధర్మకార్యమున నేకమై పాల్గొంటి మని చాటుటకు. ఈ తీరమున వణిక్సంఘములు ధర్మమును మఱవలేదనుట కది సాక్ష్యము. నేఁటి వర్తకసంఘములును పురపాలకులును గలసి, ప్రతిక్రొత్తవిపణికి ముందు నడచువానికై యొక వసారా విడిచినచో, నాపణశబ్దము ఈ దేశమున నన్వర్థమై నిలుచును.